కాఫీ కళ్లంలో సగం కోర్టు

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, అని మనకో సామెత. నిరుడు విశాఖపట్నంలో చక్రాల కుర్చీ బ్యాడ్మింటన్ ఎంపిక పోటీల దగ్గర అది నా చెవిన చాలాసార్లు పడింది. అరకు కొండల నుంచి వచ్చిన సుక్రి అనే అమ్మాయి మొదటి ఆటలోనే ఓడిపోయింది. పాత విలేకరి అలవాటు కొద్దీ దగ్గరికెళ్లి ఏమైందమ్మా అని అడిగాను. ఆమె మెడ మీద చెమట తుడుచుకుంటూ, "ఇక్కడ నేల బాగోలేదు సార్" అంది.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ చుట్టుపక్కల అంతకన్నా మంచి నేల ఉన్న హాలు లేదు. నున్నటి చెక్క, దానిమీద ఆకుపచ్చ చాప. పక్కనున్న ఆటగత్తె సామెత అందుకుంది. సుక్రి కోపం తెచ్చుకోలేదు. కుర్చీ వెనక్కి తిప్పుకుని, "కాఫీ కోతలప్పుడు మా ఊరు రండి సార్, సూపిత్తాను" అని వెళ్లిపోయింది.

ఈ డిసెంబరులో వెళ్లాను. ఉద్యోగం నుంచి దిగిపోయిన విలేకరికి పిలుపు ఉంటే చాలు, పని ఉండక్కర్లేదు.

కిరండూల్ బండి

అరకు వెళ్లేవాళ్లు కిటికీ సీటు కోసం తగువులాడుకుంటారు. నాకు ఎండుచేపల గంప పక్కన సీటు దొరికింది. గంప యజమానురాలు ప్రతి వారం విశాఖ రేవులో సరుకు ఎత్తి, కొండమీద సంతలో అమ్ముకుంటుందట. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో పిల్లలు కేకలు పెడుతున్నారు. ఆవిడ మాత్రం ప్రతి సొరంగంలోనూ గంప మీద చెయ్యి వేసి కూర్చుంది. చీకట్లో ఎవరైనా తీస్తారనా అని అడిగాను. తీయడానికి కాదట, తెలియక కాలు పెడతారని.

ఎక్కడికని అడిగితే సుక్రి పేరు చెప్పాను. ఆవిడ ముఖం విప్పారింది. "బేట్ ఆడే గుంటే కదా? మొదట్లో ఆ కుర్చీ సూసి సంతలో అందరూ జాలిపడీవోరు బాబూ. ఇప్పుడు అడ్డం లెగండి, అడ్డం లెగండి అని అదే అందర్నీ తిడతాది" అంది.

బొర్రా దాటాక చలి మొదలైంది. వలిసె పూలు అప్పటికే చాలావరకు రాలిపోయి, పొలాలు పసుపు వెలిసిన చీరల్లా ఉన్నాయి. స్టేషన్లో దిగేసరికి ఆకలి దంచేస్తోంది. బొంగులో చికెన్ అనే బోర్డులు అడుగడుగునా ఉన్నాయి. పర్యాటకుల ధర చూసి వెనక్కి తగ్గి, బస్టాండు దగ్గర రాజ్మా కూర, అన్నం తిన్నాను. రాజ్మాను మన ఇళ్లలో పంజాబీ వంటగా చూస్తాం. ఇక్కడ అది పెరటి పంట. మిరియాల ఘాటుతో, పలచగా, చారులా పోసుకునేలా వండారు.

శుక్రవారం సంత

సుక్రి నన్ను సంతలో కలుసుకుంది. మామూలు కుర్చీలో వచ్చింది. వెనక అన్న బుద్రు అల్లం బస్తా మోస్తున్నాడు. వాళ్లలో పుట్టిన వారాన్ని బట్టి పేరు పెట్టడం ఉంది. సోమవారం పుట్టిన తల్లి సోంబారి, బుధవారం పుట్టిన కొడుకు బుద్రు, శుక్రవారం పుట్టిన కూతురు సుక్రి.

"మా ఇంట్లో కేలండర్ అక్కర్లేదు సార్. అన్నని పిలిత్తే బుధవారం, నన్ను పిలిత్తే సంత" అంది.

మన వైపు తాత పేరు పెట్టి, ఆ తాత అప్పులూ కోపాలూ కూడా పిల్లవాడి నెత్తిన పెడతాం. వారం పేరులో ఆ బరువు లేదు.

కొండచీపురు నలభై, కిలో అల్లం బేరాన్ని బట్టి, సీతాఫలాలు కుప్పకింత. అన్నాచెల్లెళ్లు అల్లం అమ్మారు, ఉప్పూ కిరసనాయిలూ కొన్నారు. ఎండుచేపల ఆవిడ దగ్గర సుక్రి చాలాసేపు బేరమాడింది. ఆ సందడిలోనే తన కథ ముక్కలుముక్కలుగా చెప్పింది. కాఫీ తోటల్లో నీడకు పెంచే సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగ పాకిస్తారు. పదిహేడేళ్లప్పుడు మిరియాలు కోయడానికెక్కి పడింది. నడుము కింద స్పర్శ పోయింది. విశాఖలో చికిత్స పొందిన చోటే, కుర్చీలో కూర్చుని షటిల్ కొడుతున్న ఒకాయనను చూసింది. ఆయనకు కాళ్లు లేవన్న సంగతి తనకు రెండోరోజు గాని తట్టలేదట. "సెయ్యి అంత బేగి తిరిగేది సార్. కాళ్ల దాకా కన్ను పోతేనా?"

తర్వాత జిల్లా పోటీలు, రాష్ట్ర పోటీలు, ఒకసారి దక్షిణాది పోటీల్లో కంచు పతకం. ఆ పతకం ఎక్కడుందని అడిగితే అమ్మ బియ్యం డబ్బాలో దాచిందని చెప్పింది. బియ్యం అయిపోవచ్చినప్పుడల్లా పతకం బయటపడుతుంది, అప్పుడు అమ్మ తీసి తుడిచి, కొత్త బియ్యం కింద మళ్లీ పెడుతుంది.

అసలు సంగతి ఆటోలో ఊరికి వెళ్తుండగా చెప్పింది. ఆటకు వాడే కుర్చీ వేరు. చక్రాలు కిందికి వెడల్పుగా వాలి ఉంటాయి, వెనక్కి పడిపోకుండా వెనక చిన్న చక్రం ఉంటుంది. తన దగ్గరున్నది విశాఖ శిక్షణ కేంద్రం వాళ్లు ఏడాదికని ఇచ్చింది. ఆదివారం సాలూరులో ఉత్తరాంధ్ర జిల్లాల ఎంపిక ఆట ఉంది. వైకల్యాన్ని బట్టి ఆటగాళ్లకు తరగతులుంటాయి, తన తరగతిలో ఒక్కరినే తీసుకుంటారు. ఎంపికైతే కుర్చీ తనతో ఉంటుంది, విశాఖలో శిబిరం కూడా. కాకపోతే కుర్చీ అక్కడే అప్పజెప్పి రావాలి, గెలిచినవాళ్లకు ఇస్తారు. సంతకొచ్చిన మామూలు కుర్చీలో ఈ ఆట ఆడలేరు.

"కుర్చీ ఇచ్చేత్తే ఆట కూడా ఇచ్చేసినట్టే కదా సార్" అంది సుక్రి. బుద్రు వెనక్కి తిరిగి, ముందు ఎండుచేప ఎవరిదగ్గరుందో చూడమన్నాడు. చూస్తే నా సంచి కిందే నలిగి ఉంది. ఆ వాసన నా చొక్కాను ఈ వారం దాకా వదల్లేదు.

కళ్లం

వాళ్ల ఊరు అరకు నుంచి ఒడిశా సరిహద్దు వైపు వెళ్లే రోడ్డును ఆనుకుని ఉంటుంది. వెళ్లగానే చెంబుతో నీళ్లిచ్చారు, కాళ్లకూ తాగడానికీ. తర్వాత చోడి అంబలి, అంటే మన రాగి జావ. కాఫీ పండించే ఇంట్లో కాఫీ దొరుకుతుందని ఆశపడి అడిగాను. సోంబారి కూతురి వైపు చూసి నవ్వింది. "అది అమ్మేది బాబూ, తాగేది కాదు" అని టీ పెట్టింది.

తెల్లారాక కళ్లం చూశాను. ఊరంతటికీ కలిపి కట్టిన సిమెంటు కళ్లం అది. కాఫీ పండ్లు తెచ్చి ఎండపోస్తారు, ఆడవాళ్లు చెక్క గోకుడుతో గంటకోసారి కలియబెడతారు. పులిసిన బెల్లం లాంటి వాసన గాలంతా ఉంది. అంత చోటులో ఒక పక్క మాత్రం పండ్లు లేవు. సున్నంతో గీతలు గీసి, రెండు వెదురు కర్రలకు వల కట్టారు.

చక్రాల కుర్చీ ఆటలో ఒంటరి పోటీకి సగం వెడల్పు కోర్టే ఉంటుంది. ఈ చిన్న నియమమే సుక్రి ఆటను బతికించింది. కోతల కాలంలో కళ్లం ఖాళీ ఉండదు. మొదటి ఏడాది ఆ రెండు నెలలూ ఆట మానేసింది. రెండో ఏడాది ఊరి పెద్దలు కూర్చుని ఎంత చోటు కావాలని అడిగారు. కోర్టులో సగమే అంటే, సగానికే ఇంత ఏడుపెందుకు ముందే చెప్పకూడదా అని మందలించి వదిలేశారు. అప్పటినుంచి ఒక పక్క కాఫీ, ఒక పక్క ఆట. షటిల్ కాఫీలో పడితే ఆరోజు గోకుడు పట్టినవాళ్లే తీసిస్తారు, ఆటగాళ్లు కాఫీ తొక్కడానికి లేదు.

బుద్రు వలకు అటుపక్క నిలబడి కొడుతున్నాడు. సుక్రి కాళ్లకూ నడుముకూ పట్టీలు బిగించుకుని ఇటుపక్క. కొట్టేటప్పుడు కూర్చున్న చోటునుంచి లేవకూడదు, పాదం నేలకు తగలకూడదు. కుడిచేతిలో రాకెట్ ఉంటుంది కనుక కుర్చీ నడిపే పని ఎక్కువగా ఎడమచేతిదే. ముందుకు ఒక్క తోపు, మెడ పైకి, వెనక్కి ఒక్క తోపు, వీపు వంచి పైనుంచి దెబ్బ. చక్రాల కింద ఎండిన కాఫీ తొక్కలు కరకరమన్నాయి. చూస్తూ నేను గోకుడు పట్టుకున్న ఆడవాళ్లకు అడ్డం నిలబడ్డానని ఎవరో చీపురుతో కాళ్ల మీద తట్టేదాకా తెలియలేదు.

ఆట ఆపాక సుక్రి పట్టీకి కట్టుకున్న చిన్న గుడ్డమూట విప్పి, అందులోంచి ఒక ఎండు కాఫీ పండు తీసింది. మామూలు పండులో రెండు బద్దలుంటాయి. ఎక్కడో ఒకదానిలో ఒకటే గింజ, గోళీలా గుండ్రంగా పెరుగుతుంది. అలాంటిది ఏరి దాచుకుంది. దాన్ని గీతమీద పెట్టి వేలు తీసేసింది. పండు ఒక క్షణం ఆగి, నెమ్మదిగా ఎడమ పక్కకు, వాగు వైపుకు దొర్లిపోయింది.

"వాన నీళ్లు నిలవకుండా వాలు పెట్టి కట్టారు సార్. నేను ఎప్పుడూ ఈ పక్కే ఆడీదాన్ని. బండి ఎడమకి జారిపోతాదని ఎడమచెయ్యి గట్టిగా తోసి తోసి, అదే అలవాటయిపోనాది. విశాఖలో సాపు నేల. గట్టిగా తోసినప్పుడల్లా బండి కుడికి పోయింది. షటిల్ ఒకసోట, నేనొకసోట."

ఓడి వచ్చిన నెలలో కాఫీ ఏరుతుండగా చేటలోంచి గుండ్రటి పండొకటి దొర్లి వెళ్లిపోతే, అప్పుడు తట్టిందట. దాన్ని తీసుకెళ్లి ఊళ్లోని ప్రార్థనా మందిరం పలకల నేల మీద పెట్టింది. అక్కడ కదల్లేదు.

"నేల బాగోలేదన్నాను గదా సార్. నిజమే. బాగోనిది మాది."

ఆ తర్వాత ఏడాదంతా వల రెండు పక్కలా మారి మారి ఆడింది. వాళ్ల దేవుడు వేరైనా పాస్టరు గారు వారంలో మూడు రోజులు మందిరం బల్లలు గోడకు జరిపించి తలుపు తీసేవారు. కప్పు తక్కువ ఎత్తు కనుక అక్కడ షటిల్ కొట్టడం కుదరదు. ఊరికే కుర్చీ తోసుకుంటూ తిరిగేది. ప్రార్థనకు రాదు గానీ ప్రదక్షిణాలు మాత్రం మానదని పాస్టరు గారే నవ్వేవారట.

ఆ సాయంత్రం సోంబారి కోడిని కోసింది. ఆట గెలిచాక కొయ్యాల్సింది ముందే ఎందుకని బుద్రు అడిగాడు. "గెలిత్తే అందరూ పెడతారు. ఓడితే ఎవుడు పెడతాడు? అందుకే ముందు" అంది తల్లి. అడ్డాకులో సామ అన్నం, పలచటి కోడి పులుసు. నాకు రెండోసారి వడ్డిస్తూ పట్నపోళ్లు తిండికి సిగ్గుపడతారని కొడుకుతో చెప్పింది. నేను సిగ్గుపడలేదు.

సుంకి ఘాట్

ఆదివారం తెల్లవారుజామున బుద్రు స్నేహితుడి జీపు. ఒడిశాలోకి వెళ్లి, నందపురం, సెమిలిగుడ మీదుగా తిరిగి సుంకి ఘాట్ దిగితే సాలూరు. ఆట కుర్చీని చక్రాలు ఊడదీసి జీపు పైన కట్టారు. దారిలో ఒక దుకాణం దగ్గర ఒడియా మాటల మధ్య తెలుగు, తెలుగు మధ్య ఒడియా వింటూ గారెల్లాంటివి తిన్నాం. సుక్రి రెండు భాషల్లోనూ చట్నీ చాలదని పోట్లాడింది.

ఘాట్ దిగి చూసుకుంటే కుర్చీ వెనక చిన్నచక్రం వేలాడుతోంది. దాన్ని పట్టి ఉంచే మరమేకు ఎక్కడో రాలిపోయింది. ఆ చక్రం లేకపోతే వెనక్కి వాలి కొట్టిన ప్రతిసారీ తలకిందులవుతుంది.

సాలూరు లారీల ఊరు. మేం ఆగిన మొదటి షెడ్డులోనే లారీ కింద పడుకున్న అప్పలనాయుడు అనే మెకానిక్కు బయటికొచ్చి, కుర్చీని నాలుగు వైపులా తిప్పి చూశాడు.

"ఏటిది, చక్రాలు ఇలా వంగిపోనాయి? ఏక్సిడెంటా?"

"అవి అలాగే ఉండాల బావా, వాటి జోలికి పోకు" అన్నాడు బుద్రు కంగారుగా.

"మరి ఆ ముక్క ముందు సెప్పాల. సరిసేసీవోణ్ణి" అన్నాడు అప్పలనాయుడు. లారీ మేకుల డబ్బాలో వెతికి, ఒకటి కోసి బిగించి, తను దాని మీద కూర్చుని వెనక్కి వాలి చూశాడు. కుర్చీ నిలబడింది. డబ్బులిస్తే పుచ్చుకోలేదు. ఆట ఎక్కడని అడిగి, చేతులు కడుక్కుని మా జీపే ఎక్కేశాడు.

గోదాం

ఆట జరిగేది ఒక పాత బియ్యం గోదాంలో. లారీ యజమానులు ఉదయం పూట షటిల్ ఆడుకోవడానికి దీపాలు పెట్టించి, చాప పరిపించారు. వచ్చినవాళ్లు కొద్దిమందే. ఆఖరికి సుక్రి తరగతిలో మిగిలింది ఇద్దరు. రెండో ఆవిడ పైడమ్మ, బొబ్బిలి వైపు పల్లెటూరు, పోస్టాఫీసులో ఉద్యోగం. సుక్రి కంటే పదేళ్లు పెద్ద, చేతిలో దెబ్బలు ఎక్కువ. నిరుడు విశాఖలో సామెత అందుకున్నది ఈవిడేనని చూడగానే గుర్తుపట్టాను.

సుక్రి చేసిన మొదటి పని మూట విప్పి పండును చాప మీద పెట్టడం. అది ఆగింది. తర్వాత కదిలింది. వలకు అడ్డంగా కాక, వల పొడుగునా, ఎడమ గోడ వైపు దొర్లింది. ఆ గోడ మొదట్లో తూము ఉంది. గోదాం కడిగిన నీళ్లు పోవడానికి ఎప్పుడో వాలు పెట్టి ఉంటారు.

ఇది సుక్రి కళ్లమే. ఈ సంగతి హాలులో మా నలుగురికి తప్ప ఎవరికీ తెలియదు.

సుక్రి పండు తీసుకుని కుర్చీ తోసుకుంటూ పైడమ్మ దగ్గరికెళ్లింది.

"అక్కా, నేల అటు వాలింది. బండి తూము పక్కకి లాగుతాది, సూసుకో."

పైడమ్మ ఆమెను చూసి, నన్ను చూసి, నవ్వింది. "ఏటే గుంటా, ఈసారి ఆడకముందే మద్దెల ఓడంటన్నావా?"

"నిజమక్కా."

"నా మనసు తిప్పేద్దామనా ఏటే? పో, కూకో."

అప్పలనాయుడికి ఇది నచ్చలేదు. చెప్పకుండా ఊరుకోవాల్సిందని బుద్రు చెవిలో గొణిగాడు. బుద్రు భుజాలెగరేసి, తమ సంతలో తూకపురాయి తగ్గితే కొనేవాడికి చెప్పడం మామూలేనని, నమ్మడం వాడి ఇష్టమని అన్నాడు.

టాస్ పైడమ్మ గెలిచి సర్వీసు కోరుకుంది. పక్క ఎంచుకునే వంతు సుక్రిది. తూము ఎడమచేతి వైపు ఉండే పక్క తీసుకుంది.

మొదటి గేమ్ చూస్తుంటే కాఫీ వాసన వచ్చినట్టే అనిపించింది. సుక్రి ఎడమచెయ్యి తోస్తే కుర్చీ గీత గీసినట్టు వెళ్లింది. పైడమ్మ మంచి దెబ్బలు కొట్టింది గానీ ప్రతిసారీ జానెడు దూరంలో ఉండిపోయింది. తన చక్రాల వైపు అనుమానంగా చూసుకుంది. ఆ గేమ్ సుక్రిది. రెండో గేమ్‌కు పక్కలు మారాయి. మంచి పక్క దొరికేసరికి పైడమ్మ చెయ్యి తెరిచింది. సుక్రికి వాలు కుడికి వచ్చింది. ఏడాది సాధన చేసినా రాకెట్ చెయ్యితో కుర్చీని ఆపడం కష్టం. ఆ గేమ్ పైడమ్మదే.

మూడోదానిలో సగంలో మళ్లీ పక్కలు మారాలి. మారేసరికి సుక్రి కొంచెం ముందుంది. మారాక ఆ కొంచెమూ కరిగిపోయింది. బుద్రు నేల వైపు చూస్తున్నాడు. జీపు పైన తాళ్లు, విప్పి ఊడదీసే చక్రాలు నా కళ్లలో మెదిలాయి. ఓడితే ఆ కుర్చీని ఇక్కడే అప్పజెప్పాలి, మళ్లీ కట్టనక్కర్లేదు కూడా.

చివరి పాయింట్లలో నేను గమనించింది ఒకటే. సుక్రి వాలుతో పోట్లాడటం మానేసింది. పైడమ్మ షటిల్‌ను కుడి మూలకు ఎత్తి కొట్టినప్పుడు, సుక్రి వెనక్కి ఒక్క తోపు తోసి, రెండు చేతులూ చక్రాల మీంచి తీసేసింది. కుర్చీ తనంతట తాను కుడికి జారింది. ఆ జారే కుర్చీలో వీపు వెనక్కి వంచి, తాపీగా, వల దాటగానే దింపినట్టు కొట్టింది. అలాంటివే వరసగా రెండు. లారీ మేకు మీద చిన్నచక్రం కిర్రుమని, నిలిచింది. ఆట ముగిసింది.

తర్వాత అడిగితే, "నీళ్లెలా పోతాయో అలా పోనిచ్చాను సార్" అంది.

విశాఖ నుంచి వచ్చిన కోచ్ సుక్రి పేరు ప్రకటించి, శిబిరం జనవరిలో అని, కుర్చీ దగ్గరే ఉంచుకోమని చెప్పాడు. చలికాలం కదా దుప్పటి తెచ్చుకో అని కూడా అన్నాడు. అరకు అమ్మాయికి విశాఖలో చలేమిటని బుద్రు అప్పుడు నవ్వాడు, ఉదయం నుంచి మొదటిసారి. అప్పలనాయుడు తన మేకును ఇంకోసారి బిగించాడు.

నేను విజయనగరం బస్సు అందుకోవాలి. అన్నాచెల్లెళ్లు మళ్లీ ఘాట్ ఎక్కాలి. చక్రాలు ఊడదీస్తుంటే పైడమ్మ కుర్చీ తోసుకుంటూ వచ్చి చెయ్యి చాపింది.

"ఏదే, ఆ పండు ఇలా తే."

సుక్రి మూట విప్పి ఇచ్చింది. పైడమ్మ వంగి, వల కింద చాప మీద దాన్ని పెట్టి, వేలు తీసింది. పండు కాసేపు కదల్లేదు. తర్వాత మెల్లగా బయల్దేరి, గీతలు దాటి, చాప దాటి, గోడ దాకా వెళ్లి తూము దగ్గర ఆగింది. పైడమ్మ అటే చాలాసేపు చూసింది.

"మద్దెల ఓడే గుంటా" అంది.